పొత్తికడుపు నొప్పి: చోటు కంటే గడియారం చెప్పేదే ఎక్కువ

అపెండిసైటిస్‌కు, అంటే పెద్దపేగు మొదట్లో ఉండే చిన్న తోకలాంటి అపెండిక్స్ (ఉండుకం) వాపుకు, తెలుగిళ్లలో ‘24 గంటల నొప్పి’ అని పేరు. ఉండుకం అనే మాట పాఠ్యపుస్తకం దాటి బయటికి రాలేదు కానీ, 24 గంటల నొప్పి అంటే పల్లెలో ముసలమ్మకు కూడా అర్థమవుతుంది. ఈ పేరులో సగం మంచి ఉంది, సగం ముప్పు ఉంది. నొప్పి ఎంత ఉందన్నదాని కంటే గంటగంటకూ ఎలా మారుతోందన్నదే ఆ జబ్బును పట్టిస్తుంది. ఆ సంగతి పేరులోనే ఉంది. ముప్పు ఎక్కడంటే, ఎలాగూ 24 గంటల టైముంది కదా, తెల్లారాక చూద్దాంలే అనుకునేవాళ్లు కొందరు. రెండో రోజుకు నొప్పి కాస్త తగ్గగానే, 24 గంటలు దాటింది, ఇక అది కాదులే అని ధైర్యం తెచ్చుకునేవాళ్లు ఇంకొందరు. రెండు లెక్కలూ తప్పే.

బొడ్డు కింద నుంచి గజ్జల దాకా ఉన్న కాస్త చోటులోనే చాలా అవయవాలు ఇరుక్కుని ఉంటాయి. చిన్నపేగు చివర, పెద్దపేగు మొదలు, మళ్లీ దాని చివర, అపెండిక్స్, మూత్రాశయం, కిడ్నీల నుంచి కిందికి దిగే మూత్రనాళాలు, ఆడవాళ్లలోనైతే గర్భసంచి, ట్యూబులు, అండాశయాలు. మగవాళ్ల వృషణాల నొప్పి కూడా ఇక్కడికే పాకుతుంది. కుడివైపు నొస్తే అపెండిక్స్, ఎడమవైపు నొస్తే గ్యాస్, మధ్యలో నొస్తే గర్భసంచి అనే లెక్క ఇళ్లలో బాగా వాడుకలో ఉంది. దాన్ని నమ్ముకుంటే చాలాసార్లు పప్పులో కాలేసినట్టే.

చోటు ఎందుకు మోసం చేస్తుందంటే, కారణం నరాల్లో ఉంది. పేగును కత్తితో కోసినా దానికి నొప్పి తెలియదు. సాగితే, ఉబ్బితే, బిగుసుకుపోతే, రక్తం అందకపోతే మాత్రం తెలుస్తుంది. ఆ కబురు మోసే నరాలు రెండు వైపుల నుంచీ వెన్నుపాములోకి చేరతాయి కాబట్టి, మెదడుకు ఆ నొప్పి ‘ఎక్కడో మధ్యలో’ అన్నట్టే అందుతుంది. వేలు పెట్టి చూపించమంటే మనిషి అరచేతితో పొట్టంతా తడుముతాడు. పొట్ట లోపలి గోడకు ఒక పలచని పొర ఉంటుంది, పెరిటోనియం అంటారు. దాని నరాలు చర్మం నరాల్లాంటివే. వాపు ఆ పొరను తాకిందంటే, అప్పుడు మాత్రం నొప్పి ఒకచోట కుదురుకుంటుంది. ఒక్క వేలితో చూపించవచ్చు.

అపెండిసైటిస్ నడక అంతా ఈ రెండు దశల కథే. మొదట బొడ్డు చుట్టూ మందంగా నొప్పి, ఆకలి చచ్చిపోవడం, వికారం, ఒకటి రెండు వాంతులు. ఈ దశలో నూటికి తొంభై ఇళ్లలో వాము నీళ్లో, సోడానో, ఈనోనో పడుతుంది. తప్పు పట్టాల్సిన పనేమీ లేదు, అప్పటికి అది అజీర్తిలాగే ఉంటుంది. కొన్ని గంటలయ్యాక నొప్పి కుడివైపు కిందికి జారుతుంది. తుంటి ఎముక ముందు మొన నుంచి బొడ్డుకు ఒక గీత గీస్తే, మొన వైపు నుంచి మూడో వంతు దూరంలో నొక్కితే అదిరిపడతారు. చార్లెస్ మెక్‌బర్నీ అనే అమెరికన్ సర్జన్ 1889లో ఈ చోటును వివరించాడు కాబట్టి ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. లోజ్వరం తగులుతుంది. దగ్గితే నొప్పి, నడిస్తే నొప్పి, కుదుపు తగిలితే ప్రాణం పోయినంత పని.

ఈ కుదుపు గురించి ఒక తమాషా అయిన పరిశీలన ఉంది. బ్రిటన్‌లో ఒక ఆసుపత్రి డాక్టర్లు, అపెండిసైటిస్ అనుమానంతో వచ్చినవాళ్లను దారిలో స్పీడ్‌బ్రేకర్ల మీద కారు ఎగిరినప్పుడు నొప్పి పెరిగిందా అని అడిగారు. 2012లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అలా ప్రయాణించి, తర్వాత అపెండిసైటిస్ ఖాయమైన 34 మందిలో 33 మంది పెరిగిందనే చెప్పారు. జబ్బు లేనివాళ్లలో కూడా చాలామంది అదే చెప్పారు కాబట్టి నొప్పి పెరిగినంత మాత్రాన అపెండిక్సే అని తేల్చలేం. కానీ గతుకుల రోడ్డు మీద ఆటోలో వచ్చి కూడా పొట్టలో ఏమీ తెలియలేదంటే, అపెండిసైటిస్ అయ్యే అవకాశం బాగా తక్కువ. మన రోడ్లకు ఇలాంటి ఉపయోగం ఒకటి ఉంటుందని ఎవరూ అనుకుని ఉండరు. పిల్లల విషయంలో ఇంట్లోనే దీన్ని చూడవచ్చు. ఒంటికాలి మీద గెంతమంటే నవ్వుతూ గెంతే పిల్లాడి గురించి అంత కంగారు అక్కర్లేదు. కుడిచేత్తో పొట్ట పట్టుకుని, వంగి, మెల్లగా అడుగులేసే పిల్లాణ్ని మాత్రం ఆ పూటే చూపించాలి.

అసలు మోసం తర్వాతి దశలో ఉంది. వాచిన అపెండిక్స్ పగిలిన క్షణంలో లోపలి ఒత్తిడి దిగిపోతుంది కాబట్టి నొప్పి ఒక్కసారిగా తగ్గినట్టు అనిపించవచ్చు. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. చీము పొట్టంతా పాకాక, కొద్ది గంటల్లో పొట్ట బల్లలా గట్టిపడి, జ్వరం ఎగదన్నుతుంది. ప్రసిద్ధ ఇంద్రజాలికుడు హ్యారీ హుడీనీ 1926 అక్టోబర్‌లో పొట్టలో నొప్పి, ఒళ్లు కాలిపోయే జ్వరం ఉన్నా డెట్రాయిట్‌లో ప్రదర్శన మానలేదు. ఆపరేషన్ చేసేసరికి అపెండిక్స్ పగిలి ఉంది. ఆ నెల 31న చనిపోయాడు. అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు. ఇప్పుడున్నాయి కాబట్టి అంతదాకా రావడం అరుదే అయినా, చీము పట్టాక వెళ్లినవాళ్లు రెండు రోజుల్లో ఇంటికి రావాల్సింది రెండు వారాలు ఆసుపత్రిలో ఉండాల్సి రావచ్చు.

ఆపరేషన్ లేకుండా మందులతో తగ్గదా అని అడిగేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. కొందరికి తగ్గుతుంది. 2020లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనంలో యాంటీబయాటిక్స్‌తో మొదలుపెట్టినవాళ్లలో పదిమందిలో సుమారు ముగ్గురికి 90 రోజుల్లోపే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. అపెండిక్స్‌లో గట్టిపడిన రాయిలాంటి ముక్క ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువమందికి. కాబట్టి మందుల దారి స్కాన్ చూసి, సర్జన్‌తో మాట్లాడి ఎంచుకునేదే కానీ, మెడికల్ షాపులో ఎంచుకునేది కాదు.

మెడికల్ షాపు మాట వచ్చింది కాబట్టి నొప్పి మాత్రల సంగతి కూడా చెప్పుకోవాలి. నొప్పి తగ్గించే మందిస్తే జబ్బు తెలియకుండా పోతుందని, సర్జన్ చూసేదాకా ఇవ్వకూడదని పాతకాలం డాక్టర్లు గట్టిగా నమ్మేవాళ్లు. ఆసుపత్రిలో పరీక్షించే క్రమంలో నొప్పికి మందిస్తే నిర్ధారణ చెడదని ఇప్పుడు తేలింది. గొడవంతా ఆసుపత్రికి వెళ్లకుండా వేయించుకునే సూదితోనే. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు పొద్దున ఒక ఇంజెక్షన్, సాయంత్రం ఒక ఇంజెక్షన్ వేసి రెండు రోజులు గడిపేస్తే, సూది పనిచేసిన గంటలే చేతిలోంచి జారిపోయిన గంటలు. ఒక సూదికి తగ్గిన నొప్పి, దాని ప్రభావం దిగగానే అదేచోట అంతే తీవ్రంగా తిరిగొచ్చిందంటే రెండో సూది అడగకూడదు. అలాంటప్పుడు మలబద్ధకమేమోనని విరేచనాల మందు తాగించడం ఇంకా చెడ్డ పని.

మెలికలు తిరిగే నొప్పి, కదలనివ్వని నొప్పి

వచ్చిన మనిషి మంచం మీద ఎలా ఉన్నాడన్నది అనుభవమున్న డాక్టర్లు ముందుగా గమనిస్తారు. పెరిటోనియం పొర వాచినవాడు కొయ్యలా పడుంటాడు, మంచానికి ఎవరైనా తగిలినా విసుక్కుంటాడు. కిడ్నీలో రాయి మూత్రనాళంలోకి జారినవాడు ఇందుకు పూర్తిగా భిన్నంగా ఉంటాడు. కూర్చోలేడు, పడుకోలేడు, గదిలో అటూ ఇటూ తిరుగుతూ, ఏ భంగిమలోనూ ఊరట దొరక్క నానా అవస్థా పడతాడు. ఆ నొప్పి నడుము పక్క నుంచి మొదలై ముందుకు తిరిగి గజ్జల్లోకి దిగుతుంది. అలలు అలలుగా వస్తుంది. వాంతులు, మూత్రం ఎర్రగా రావడం దీని తోడు.

ఎండలు మండే మన ప్రాంతంలో, పొలంలోనో భవనాల పని దగ్గరో రోజంతా చెమటోడ్చి, సీసా నీళ్లతో సరిపెట్టుకునేవాళ్లకు ఈ రాళ్ల బెడద ఎక్కువ. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లలో చాలావరకు వాటంతటవే మూత్రంలో పోతాయి. అందుకే అరటి దూట రసం తాగితేనో, కొండపిండి ఆకు తింటేనో రాయి పడిపోయిందని చెప్పేవాళ్లు ఊరికి నలుగురు దొరుకుతారు. అది తాగకపోయినా చాలామందికి పడిపోయేదే. ఒక్క సందర్భంలో మాత్రం ఎదురుచూడకూడదు. రాయి అడ్డుపడ్డ నొప్పితోపాటు చలిజ్వరం వచ్చిందంటే పైన నిలిచిన మూత్రంలో ఇన్ఫెక్షన్ చేరిందని అర్థం. ఆ చీము రక్తంలోకి ఎక్కడానికి రోజులు పట్టదు. ఒకే కిడ్నీ ఉన్నవాళ్లు, గర్భిణులు, మూత్రం పూర్తిగా ఆగిపోయినవాళ్లు కూడా వెంటనే వెళ్లాల్సిందే.

మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, వెళ్తే నాలుగు చుక్కలు, బొడ్డు కింద బరువు. దీన్ని తెలుగిళ్లలో ‘వేడి చేసింది’ అంటారు. సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, మజ్జిగ వెంటనే సిద్ధమవుతాయి. నీళ్లు ఎక్కువ తాగడం మంచిదే. కానీ దాని అసలు పేరు చాలాసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్, అది వేడి కాదు, సూక్ష్మజీవి. ఆఫీసులోనో, బడిలోనో, బస్సు ప్రయాణంలోనో బాత్రూమ్ బాగోదని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆపుకునే ఆడపిల్లలకు ఇది తరచూ వస్తుంది. రెండు రోజుల్లో తగ్గకపోతే మూత్ర పరీక్ష చేయించాలి. జ్వరం, వణుకు, నడుము పక్కన నొప్పి తోడైతే ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కిందేమో చూడాలి. గర్భిణులు, షుగర్ ఉన్నవాళ్లు రెండు రోజులు కూడా ఆగకూడదు.

పెద్దవయసు మగవాళ్లలో ఇంకో చిత్రం కనిపిస్తుంది. పొద్దుటి నుంచి పొత్తికడుపు ఉబ్బి, బిగుసుకుని నొప్పి, మనిషి కుదురుగా ఉండలేడు. గ్యాస్ అని మాత్ర వేస్తారు. నిదానంగా అడిగితే నిన్న రాత్రి నుంచి మూత్రమే రాలేదని తేలుతుంది. మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి దారి మూసుకుపోవడం ఇది. ఆసుపత్రిలో గొట్టం వేయగానే నిమిషాల్లో ప్రాణం లేచొస్తుంది. జలుబు మాత్రలు కొన్ని ఈ పరిస్థితిని తెచ్చిపెడతాయన్న సంగతి చాలామందికి తెలియదు.

ఆడవాళ్ల నొప్పికి రెండు అన్యాయాలు

మొదటిది, మామూలేలే అని కొట్టిపారేయడం. రెండోది, గర్భసంచి తీసేస్తే పోతుందిలే అనడం.

నెలసరి నొప్పి చాలామందికి వస్తుంది. గర్భసంచి గోడల్లో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు దాన్ని బిగుసుకునేలా చేస్తాయి. మొదటి ఒకటి రెండు రోజులు ఉండి, వేడి నీళ్ల సంచికో ఒక మాత్రకో లొంగితే అది మామూలు నొప్పి. చాలామంది వాడే మెఫెనమిక్ యాసిడ్ గురించి 2023 నవంబర్‌లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఒక హెచ్చరిక ఇచ్చింది. అరుదుగా జ్వరం, ఒంటిమీద దద్దుర్లు, లోపలి అవయవాల మీద ప్రభావంతో కూడిన తీవ్రమైన అలెర్జీ రావచ్చని దాని సారాంశం. భయపడి మానేయాల్సిన పని లేదు కానీ, మాత్ర వేసుకున్న తర్వాత దద్దుర్లు, జ్వరం వస్తే తేలిగ్గా తీసుకోకూడదు.

బడికో కాలేజీకో ఆఫీసుకో పోలేనంత నొప్పి ప్రతి నెలా వస్తుంటే, ఏటికేడు పెరుగుతుంటే, కలయికలోనూ మలవిసర్జనలోనూ నొప్పి ఉంటే అది మామూలు కాదు. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ ఇలాగే ఉంటుంది. సంతానం కనే వయసు ఆడవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దీన్ని గుర్తించడానికి ఏళ్లు పడుతోంది. పెళ్లయితే తగ్గుతుంది, బిడ్డ పుడితే తగ్గుతుంది అని వాయిదా వేసే ఇంట్లో ఇంకో నాలుగేళ్లు కలుపుకోవాలి. మామూలు స్కాన్‌లో కనిపించకపోయినా జబ్బు లేనట్టు కాదు.

ప్రాణాల మీదికి తెచ్చేది మాత్రం ట్యూబులో నిలిచే గర్భం. నూరు గర్భాల్లో ఒకటో రెండో గర్భసంచిలో కాకుండా ఎక్కువగా ట్యూబులో నిలుస్తాయి. నెల తప్పిన రెండు మూడు వారాలకు ఒక పక్క పొత్తికడుపు నొప్పి, కొద్దిగా ఎరుపు కనిపించడం మొదలవుతుంది. ట్యూబు పగిలితే రక్తమంతా లోపలే కారుతుంది కాబట్టి బయటికి కనిపించేది తక్కువే. కళ్లు తిరగడం, చెమటలు, ఒళ్లు తెల్లబారడం, భుజం మొనలో నొప్పి. లోపల చేరిన రక్తం ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే డయాఫ్రమ్ అనే కండర పొరను తాకితే ఆ నరం కబురును భుజానికి చేరవేస్తుంది. పొత్తికడుపు నొప్పితో వచ్చిన మనిషి భుజం లాగుతోందంటే నర్సు కూడా ఉలిక్కిపడాలి.

మనవాళ్లకు ఇక్కడ ప్రత్యేకంగా ఒక ఉచ్చు ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశంలోనే ఇవి పెద్ద అంకెలు. ఆపరేషన్ అయిన మనిషికి నెల తప్పితే గర్భమన్న ఆలోచనే ఎవరికీ రాదు. ఆపరేషన్ తర్వాత గర్భం రావడం నిజంగా అరుదు. కానీ వస్తే అది ట్యూబులో పడే అవకాశం మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అమెరికాలో పదివేల మందికి పైగా మహిళలను ఏళ్లతరబడి గమనించిన అధ్యయనంలో, ఆపరేషన్ తర్వాత వచ్చిన గర్భాల్లో మూడింట ఒకటి అలాంటిదే. కాబట్టి కు.ని. ఆపరేషన్ అయిందని ప్రెగ్నెన్సీ టెస్టు మానేయకూడదు. అది కొద్ది రూపాయల పరీక్ష.

రెండో ఉచ్చు, స్కాన్ లేకుండా మెడికల్ షాపులో తెచ్చుకుని వేసుకునే అబార్షన్ మాత్రలు. అవి గర్భసంచిలోని గర్భం మీదే పనిచేస్తాయి. ట్యూబులో ఉన్నదాన్ని ఏమీ చేయవు. మాత్ర వేసుకున్నాక కనిపించే రక్తస్రావాన్ని చూసి పని అయిపోయిందనుకుంటారు, నొప్పి వచ్చినా మాత్రల వల్లే అనుకుంటారు. లోపల ట్యూబు మాత్రం సాగుతూనే ఉంటుంది.

అండాశయం మెలిపడటం కూడా గంటల లెక్కే. సిస్టు (నీటి బుడగ) ఉన్న అండాశయం బరువుకు తిరిగి, రక్తనాళం నులుముకుపోతుంది. ఉన్నట్టుండి ఒకపక్క భరించలేని నొప్పి, వెంటనే వాంతులు. త్వరగా మెలిక విప్పితే అండాశయం దక్కుతుంది. జ్వరంతోపాటు దుర్వాసన వచ్చే తెల్లబట్ట, పొత్తికడుపు రెండువైపులా నొప్పి ఉంటే ట్యూబుల్లో ఇన్ఫెక్షన్. వెలగబెట్టిన సిగ్గు చాలు, దీనికి భార్యాభర్తలిద్దరూ మందు వాడాల్సి రావచ్చు. నెలసరికి నెలసరికి మధ్యలో ఒకపక్క చురుక్కుమని, ఒకటి రెండు రోజుల్లో పోయే నొప్పి చాలావరకు అండం విడుదలకు సంబంధించినదే, దాని గురించి దిగులు వద్దు.

ఇక గర్భసంచి సంగతి. అదే సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశమంతటా 3 శాతం చిల్లర ఉంటే, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 8 శాతానికి పైనే. మన ఆడవాళ్ల గర్భసంచులకే ఎక్కువ జబ్బులు రావడానికి కారణమేమీ లేదు. పొత్తికడుపు నొప్పి, తెల్లబట్ట, ఎక్కువ రక్తస్రావం అనగానే, పిల్లలు పుట్టేశారు కదా, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది అనే మాట ఎంత తేలిగ్గా వస్తుందో ఈ అంకె చెబుతోంది. పెద్ద గడ్డలు, మందులకు లొంగని రక్తస్రావం, క్యాన్సర్ లాంటివి ఉంటే ఆపరేషన్ అవసరమే. కానీ నొప్పి మూత్రాశయం నుంచో, పేగుల నుంచో, నడుము నుంచో వస్తుంటే గర్భసంచి పోయాక కూడా అది అక్కడే ఉంటుంది. దానికి తోడు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఐదేళ్లకే ముట్లుడిగి, ఎముకలు గుల్లబారడం మొదలవుతుంది. అనవసరంగా గర్భసంచి తీయడం గురించి బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌ల నుంచి వెళ్లిన కేసులో 2023లో సుప్రీంకోర్టు కేంద్ర మార్గదర్శకాలను రాష్ట్రాలు అమలు చేయాలని చెప్పింది. ఈ ఒక్క ఆపరేషన్ విషయంలో రెండో డాక్టరును అడగడం మొదటి డాక్టరును అవమానించినట్టు కాదు.

సిగ్గుతో దాచేవి

పదీ పదిహేనేళ్ల అబ్బాయి పొత్తికడుపు నొప్పి అంటాడు. అసలు నొప్పి వృషణంలో ఉంటుంది, చెప్పడానికి సిగ్గు. వృషణం మెలిపడితే సుమారు ఆరు గంటల్లోపు విప్పాలి. ఆ తర్వాత గడిచే ప్రతి గంటకూ దాన్ని కాపాడుకునే అవకాశం తగ్గిపోతుంది. అందుకే అబ్బాయిల కడుపునొప్పికి నిక్కరు విప్పి చూడకుండా పరీక్ష పూర్తయినట్టు కాదు. పెద్దవాళ్లలో గజ్జల్లో ఏళ్ల తరబడి ఉన్న హెర్నియా ఉబ్బు రోజూ పడుకుంటే లోపలికి పోయేది, ఒకరోజు పోకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు మొదలైతే పేగు ఇరుక్కుందని అర్థం. నూనె రాసి బలవంతంగా నెట్టకూడదు.

పేగుల విషయానికొస్తే ఎక్కువ కేసులు గ్యాస్, మలబద్ధకం, కలుషిత ఆహారం, టెన్షన్ పడినప్పుడల్లా తిరగబడే పేగు. మలవిసర్జన తర్వాత తగ్గుతూ, నెలల తరబడి వస్తూ పోతూ, బరువు తగ్గకుండా ఉండేది ఎక్కువగా ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్). జిగట, నెత్తురు పడితే అమీబానో వేరే ఇన్ఫెక్షనో చూడాలి. మనదేశంలో ఒకటి మరవకూడదు, అది పేగుల టీబీ. చిన్నపేగు పెద్దపేగులో కలిసేచోట, అంటే కుడివైపు కిందనే అది ఎక్కువగా చేరుతుంది. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, తిన్న తర్వాత నొప్పి నెలల తరబడి ఉంటే దగ్గు లేదని టీబీని కొట్టేయకూడదు. నలభై ఐదు దాటిన మనిషికి మలవిసర్జన అలవాటు కొత్తగా మారినా, మలంలో నెత్తురు పడినా, కారణం తెలియకుండా రక్తహీనత వచ్చినా మొలలేనని సర్దిచెప్పుకోకుండా కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష గురించి అడగాలి. ఏడాది రెండేళ్ల లోపు పసిబిడ్డ ఉండుండి కాళ్లు పొట్టకు ముడుచుకుని గుక్కపట్టి ఏడుస్తూ, మధ్యలో నీరసంగా వాలిపోతూ, ఎర్రటి జిగటలాంటి విరేచనం చేస్తే పేగులోకి పేగు దూరిందేమో చూడాలి. దాన్ని దిష్టి అనుకుని ఉప్పు తిప్పి కూర్చుంటే పేగు చచ్చుపడే ప్రమాదం ఉంది.

పొట్టలో జబ్బు లేకుండానే పొట్ట నొచ్చే సందర్భాలు కూడా కొన్ని ఉన్నాయి. వానాకాలం కింద చాప వేసుకుని పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులతో లేస్తాడు. ఒంటిమీద గాటు కనిపించదు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మింగడం కష్టమవుతుంది. కట్లపాము కాటు తరచూ ఇలాగే బయటపడుతుంది, కాటు వేసినప్పుడు పెద్దగా నొప్పి ఉండదు. గ్యాస్ అనుకుని రెండు గంటలు పోగొట్టుకుంటే శ్వాస ఆగిపోవచ్చు. షుగర్ ఉందని ఇంకా తెలియని పిల్లల్లో విపరీతమైన దాహం, ఆయాసం, కడుపునొప్పి కలిసివస్తే ఒకసారి గ్లూకోజ్ చూడాలి. డెంగీలో జ్వరం దిగుతున్న రోజుల్లో తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు వస్తే కోలుకుంటున్నట్టు కాదు, ముదురుతున్నట్టు. పాడేరు, భద్రాచలం, ఆదిలాబాద్ ఏజెన్సీ గ్రామాల పిల్లల్లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు) నొప్పి కూడా కడుపునొప్పిలాగే రావచ్చు.

ఎప్పుడు బయల్దేరాలి

కళ్లు తిరిగి పడిపోవడం, పొట్ట బల్లలా గట్టిపడటం, నెల తప్పిన ఆడమనిషికి నొప్పి, వృషణంలో నొప్పి, లోపలికి పోని హెర్నియా, పచ్చగా పడే ఆగని వాంతులు, మలం కానీ అపానవాయువు కానీ పోకపోవడం, నెత్తురు విరేచనాలు, గర్భిణికి నొప్పితో రక్తస్రావం. ఇవి ఉంటే వాము నీళ్లు కాచుకునే టైము కూడా లేదు, 108కి ఫోన్ చేయడమే. అర్ధరాత్రయినా అంతే. నొప్పి ఆరు గంటలు దాటి తగ్గకుండా పెరుగుతుంటే, నిద్రలోంచి లేపితే, జ్వరం తోడైతే, బొడ్డు నుంచి కుడివైపుకు జారితే ఆ రోజే సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. ఆపరేషన్ పడవచ్చు కాబట్టి దారిలో ఇడ్లీలు తినిపించకూడదు. వస్తూ పోతూ ఉండే నొప్పి రెండు మూడు వారాలు దాటితే అత్యవసరం కాదు గానీ తీరిగ్గా చూపించుకోవాలి. ముసలివాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు, స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లకు ఈ గీతలన్నీ ఒక మెట్టు ముందుకు జరపాలి. వాళ్లలో లోపల పెద్ద గొడవ జరుగుతున్నా పైకి నొప్పి, జ్వరం తక్కువగానే కనిపిస్తాయి.

స్కాన్ చేయించుకుంటే అన్నీ తెలిసిపోతాయన్నది ఇప్పటి నమ్మకం. తొలి గంటల్లో అపెండిక్స్ అల్ట్రాసౌండ్‌కు దొరక్కపోవచ్చు. మరోపక్క ‘గర్భసంచి కొంచెం పెద్దగా ఉంది’, ‘అండాశయంలో నీటి బుడగలు’, ‘ఫ్యాటీ లివర్’ లాంటి మాటలు ఎవరి రిపోర్టులోనైనా ఉండవచ్చు. ఆ నొప్పికి అదే కారణమని రిపోర్టు చెప్పదు. డాక్టరుకు అసలు ఆధారం రోగి చెప్పే వరుసే. నొప్పి ఏ టైముకు, ఏం చేస్తుండగా మొదలైంది, మొదట ఎక్కడుంది, తర్వాత ఎక్కడికి పోయింది, వాంతి ముందా నొప్పి ముందా, చివరిసారి మూత్రం, మలం ఎప్పుడయ్యాయి, ఇంటి దగ్గర ఏ మాత్ర, ఏ సూది పడింది. అపెండిసైటిస్‌లో సాధారణంగా నొప్పి ముందు, వాంతి తర్వాత. కడుపులో పడనిది తిన్నప్పుడు చాలాసార్లు వాంతే ముందు. ఆడవాళ్లయితే చివరి నెలసరి తేదీ కూడా, పక్కన అత్తగారు ఉన్నా, కు.ని. ఆపరేషన్ అయి పదేళ్లయినా, డాక్టరు అడగకపోయినా చెప్పాలి.